కౌలు రైతు లేని గ్రూపులో నీటి మాటలు

మా కాలవ కింది రైతుల వాట్సాప్ గ్రూపు మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ వాళ్లున్నారు, బెంగళూరు వాళ్లున్నారు, డల్లాస్ వాళ్లూ ఉన్నారు. అందరూ మా ఊరివాళ్లే, అందరికీ ఇక్కడ చేలున్నాయి. చేలో దిగి నీరు పెట్టే మనుషులే అందులో లేరు. గ్రూపు కట్టిన కుర్రాడు పాస్‌బుక్కుల్లో పేర్లు చూసి నంబర్లు కలిపాడు. మా వైపు సాగు చాలామట్టుకు కౌలు రైతుల చేతుల్లో ఉంది. దాంతో కాగితం ఉన్నవాళ్లంతా లోపల, మడిలో కాలు పెట్టేవాళ్లంతా బయట అయిపోయారు. ఈ ఒక్క సంగతి సరిచేసుకున్నాక మా కాలవ మీద చాలా మారింది. అదే ఈ వేళ రాస్తున్నాను.

మాది కోనసీమలో రాజోలు దీవి. ఒక పక్క గోదావరి పాయ వశిష్ఠ, ఇంకో పక్క ఇంకో పాయ వైనతేయ, దిగువన సముద్రం. చుట్టూ నీళ్లే గానీ చేలో పెట్టుకునే నీళ్లు ధవళేశ్వరం నుంచి రావాలి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవలోకి దిగి, లొల్ల లాకుల దగ్గర పంపకాలై, పి.గన్నవరంలో వైనతేయ మీదుగా అక్విడెక్టు దాటి మా వైపు వస్తాయి. నది నెత్తిన కాలవను దాటించే ఆ కట్టడం మొదట లేచింది 1850ల్లో, కాటన్ ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే. ఇప్పుడు నీళ్లు పారేది 2000లో వచ్చిన కొత్తదాని మీద. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. చేలకి నీళ్లు మోసుకొచ్చే వంతెనకి అంతకన్నా తగిన పేరు ఉందంటే నేనొప్పుకోను. అలా దాటొచ్చిన నీళ్లు పిల్ల కాలవల్లో, బోదెల్లో చీలి చీలి చిట్టచివర మాకు చేరతాయి. శివారు భూములు మావి.

సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మాకు ముంపు, దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఎద్దడి. దాళ్వాకి గోదావరిలో సహజంగా పారే నీరు చాలదు, ఎగువన సీలేరు రిజర్వాయర్ల నుంచి వదిలే నీళ్ల కోసం చూడాలి. అవీ తగ్గాయంటే వంతులు పెడతారు. కొన్నాళ్లు ఈ కాలవకి, కొన్నాళ్లు ఆ కాలవకి. వంతు మొదలవగానే ఎగువ చేలు నిండుతాయి, మధ్యవాళ్లు పెట్టుకుంటారు, మా దాకా నీరొచ్చేసరికి తూము దింపేసే రోజొచ్చేస్తుంది.

ఇందులో నీరెంత ముఖ్యమో కబురూ అంతే ముఖ్యం. ఎగువవాళ్లకి తూము కళ్లెదురుగానే ఉంటుంది. మాకు లస్కరు, అంటే కాలవ చూసుకునే ఉద్యోగి, సైకిలేసుకుని వచ్చి చెప్తేనే తెలిసేది. వంతు ఒక పూట ముందుకు జరిగినా మాకు తెలిసేసరికి ఆలస్యం. అందుకే మగవాళ్లు రాత్రుళ్లు బ్యాటరీ లైట్లు పట్టుకుని గట్టెంట పైకి నడిచేవాళ్లు, ఎవరు ఎక్కడ అడ్డుకట్ట వేశారో చూడ్డానికి. ఎన్ని గొడవలయ్యాయో. గట్టు మీద మొదలైన మాట ఇళ్ల మధ్యకి వచ్చి, పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చాక మీటింగులు మొదలయ్యాయి. మీటింగుంటే టముకు వేయించేవాళ్లు. ఆడవాళ్లం ఇంటి అరుగు మీద నుంచి వినడమే, వెళ్లినవాళ్లు లేరు.

నేను వ్యవసాయం పెళ్లయ్యాక నేర్చుకున్నాను. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు, ఇక్కడ మాకున్న రెండెకరాలూ నేనే చూసుకుంటాను. పాస్‌బుక్కు నా పేరున ఉండబట్టే ఆ గ్రూపులో నాకు చోటు దొరికింది. నా చేను ఆనుకుని కౌలు చేసే అన్నయ్యకి దొరకలేదు. ఇద్దరిదీ ఒకే బోదె, ఒకే నీరు. ఆయన చేనికి యజమాని హైదరాబాద్‌లో ఉంటారు.

ఒక దాళ్వాలో చేలు పొట్ట మీదుండగా నీరు ఆగిపోయింది. వరికి ఆ దశలో తడి తప్పిందంటే గింజ పాలు పోసుకోదు, తాలు పోతుంది. గ్రూపులో చర్చ మొదలైంది. ఆయిల్ ఇంజన్లు పెట్టి డ్రెయిన్లోంచి తోడుకుంటే సరిపోతుందని ఊళ్లో లేనివాళ్లు రాశారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదండీ. కౌలు మా దగ్గర మక్తా. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడేసుకుంటారు. పంట పండినా ఎండినా యజమానికి రావాల్సింది వస్తుంది. అందుకే వాళ్ల మాటలో తొందర ఉండదు. డీజిల్ ఖర్చు ఎవరి మీద పడుతుందో, సముద్రపు పోటుకి డ్రెయిన్లో నీరు ఎప్పుడు ఉప్పెక్కుతుందో వాళ్లకి తెలిసే దారీ లేదు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పు నీరు ఎక్కి మోళ్లయిపోయిన కొబ్బరి తోటలు చూసినవాళ్లెవరూ ఆ నీళ్లు చేలోకి తోడమని అనరు.

అప్పుడు ఆ అన్నయ్య మాట నా ఫోన్లో రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. ఆయన అన్నది ఇదీ: “బాబూ, నేను మక్తాకి బస్తాలు ఒప్పుకున్నాను. నీరొచ్చినా రాకపోయినా అయ్యి కొలవాల్సిందే. ఇంజను పెట్టమంటన్నారు. డీజిలు నాది. డ్రెయిన్లో నీళ్లు నోట్లో పెడితే ఉప్పుకషాయం. పైనోళ్లు రెండు రాత్రులు తూములు దింపారంటే మా చేలు గట్టెక్కుతాయి. పగలు మీరే పెట్టుకోండి, నాకేం ఇబ్బంది లేదు.”

ఒక నిమిషం కూడా లేదు ఆ మాట. గ్రూపులో అంతసేపు ఎవరూ ఏమీ రాయకపోవడం అదే మొదటిసారి. తరవాత ఎగువ చేల యజమాని ఒకాయన దాన్ని తన కౌలు రైతుకి పంపాడు. ఆ కౌలు రైతు ఇంకో ఇద్దరికి పంపాడు. మర్నాడు పొద్దున్నే ఎగువవాళ్లూ దిగువవాళ్లూ తూము దగ్గర కూర్చున్నారు. రాత్రి నీరు శివారుకి, పగలు ఎగువకి అని మాటయింది. తూముల దగ్గర కాపలాకి ఎగువ నుంచి ఒకరు, మా నుంచి ఒకరు. ఆ రాత్రుల్లో కాపలా ఉన్న ఇద్దరూ కౌలు రైతులే. ఒకరి కష్టం ఒకరికి వివరించి చెప్పక్కర్లేదు.

ఆ తరవాత హైదరాబాద్ యజమాని తనే గ్రూపులో రాశారు, నా చేను చేసేవాళ్ల నంబరు కలపండి, నీటి సంగతి నాకంటే ఆయనకే తెలియాలి అని. మిగతావాళ్లూ ఒక్కొక్కరుగా అదే చేశారు. ఒకరిద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. గ్రూపులో పేరుంటే రేపు భూమి మీద హక్కడుగుతారని భయం. ఈ భయం పాతదే. 1997 చట్టంలో రికార్డులకెక్కిన కౌలుదారుకి చోటుంది, కానీ మా వైపు కౌలంతా నోటిమాట, రికార్డుకెక్కేదెవరు? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలలకి కార్డిస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కాగితం ఇవ్వనివాడు ఫోన్ గ్రూపులో చోటివ్వడానికి ఒప్పుకోవడం చిన్న విషయమని నేననుకోను. కార్డుకి అది ప్రత్యామ్నాయం అని కూడా అనుకోను. కార్డు లేకపోతే బ్యాంకు అప్పూ లేదు, పంట పోతే పరిహారమూ చేతికి రాదు.

కేరళ మత్స్యకారుల గురించి ఒక పరిశోధన ఉంది, ఆర్థికశాస్త్రంలో చాలామంది చెప్పుకునేది. రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించారు. 1997 తరవాత కేరళ తీరంలో సెల్‌ఫోన్లొచ్చాక, పడవలో ఉండగానే ఏ రేవులో కవ్వ చేపలకి ధర ఉందో కనుక్కుని అటు తిప్పేవాళ్లట. రేవు రేవుకీ ధరల్లో తేడా తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి, జాలరికి లాభం పెరిగింది, కొనేవాడికి ధర తగ్గింది. ఎక్కడ ఫోన్ గురించి మాట్లాడినా దీన్నే ఉదాహరణగా చెప్తారు. నిజమైన మంచి సంగతే. నీటికి మాత్రం అది సరిపడదు. చేప ధర తెలిసినవాడు తన పడవ తను తిప్పుకుంటే చాలు, పక్కవాడిని అడగక్కర్లేదు. తూములో ఎంత నీరుందో నాకొక్కదానికి తెలిస్తే నా చేను తడవదు. అందరికీ ఒకేసారి తెలియాలి, తెలిశాక అందరూ ఒక మాట మీద నిలబడాలి. ఆ నిలబడటం ఫోన్లో జరగదు, గట్టు మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ జరుగుతుంది. ఫోన్ చేసిపెట్టిన మేలు ఏమిటంటే, గట్టు మీదకి అందరూ ఒకే లెక్కతో వస్తున్నారు. తూము దగ్గర నీటిమట్టం చూపే గేజీని టైము పడేలా ఫొటో తీసి పెట్టడం మా గ్రూపులో అలవాటైంది. నీరుంది, లేదు అనే వాదన అక్కడితో తెగిపోతుంది. మిగిలేది ఎలా పంచుకోవాలన్నదే.

రాతకంటే మాటే మాకు ఎక్కువ ఉపయోగపడింది. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన కోనసీమ ఇళ్లకి ఇది కొత్త కాదు. ఒకప్పుడు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరెళ్లేవాళ్లతో పంపేవాళ్లు. అత్తయ్య ఆ క్యాసెట్ టేపురికార్డర్లో పెట్టి పక్కింటివాళ్లనీ పిలిచి వినిపించేది. చదువు రాకపోయినా కబురు చెప్పడంలో, వినడంలో ఇక్కడెవరూ తక్కువ కాదు. గ్రూపులో టైపు చేయమంటే పదిమంది కూడా మాట్లాడరు, మైకు గుర్తు నొక్కి చెప్పమంటే అందరూ చెప్తారు. ఊడ్పు ముఠాలో పనిచేసే ఆడవాళ్లు కూడా చెప్తున్నారు. ఏ మడిలో నేల బీటలిచ్చిందో యజమానికంటే ముందు చూసేది వాళ్లే.

పంట జబ్బుల సంగతికొస్తే నాకు నిజంగా చదువు చెప్పింది ఈ ఫోనే. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచీ ఉంది. స్వర్ణ వరి రకం అక్కడ పుట్టిందే, దాని నంబరు ఎంటీయూ 7029. మా మామగారి కాలంలో అక్కడి మాటలు రేడియోలోనో, తరవాత టీవీలో అన్నదాతలోనో వినాలి. విన్నది మన చేనికి వర్తిస్తుందో లేదో తిరిగి అడిగే వీలుండేది కాదు. ఇప్పుడు అడగొచ్చు, ఎదుటివాళ్లు మళ్లీ అడుగుతారు. ఒకసారి ఆకులు పసుపెక్కుతున్నాయని ఫొటో తీసి ఒక వ్యవసాయాధికారికి పంపాను. ఆయన ఫొటో చూసి ఏ మందూ చెప్పలేదు. దుబ్బుని పక్కకి వంచి, నీటి మట్టానికి పైన మొదలు దగ్గర తీసి పంపమన్నారు. వంచి చూస్తే కాండాల మొదట్లో రసం పీల్చే సుడిదోమ గుంపులు. పైనుంచి ఎంత చక్కని ఫొటో తీసినా అది కనిపించదు, కనిపించేసరికి చేలో సుడులు సుడులుగా ఎండిపోతుంది. మొదట నీరు తీసి ఆరగట్టమన్నారు, యూరియా ఆపమన్నారు. ఊడ్చేటప్పుడే ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమని అప్పుడే తెలిసింది, గాలీ వెలుతురూ మొదలు దాకా వెళ్తే దోమ అంతగా నిలవదట. నాకు నచ్చింది ఆయన అడిగిన తీరు. ఆ ఒక్క ప్రశ్నతో నేను చేను చూసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు మా గ్రూపులో ఎవరు ఆకు ఫొటో పెట్టినా, మొదలు చూశారా అని ముందు ఎవరో ఒకరు అడుగుతారు.

ఈ నేర్చుకోవడం కూడా ఒక్కరితో అయ్యేది కాదు. సుడిదోమకి నేను నీరు తీస్తే ఆ నీరు బోదెలోకి పోవాలి, బోదె ఖాళీగా ఉండాలి, పై చేనువాళ్లు అప్పుడే నీరు పెట్టకూడదు. కౌలు రైతులు గ్రూపులో లేకుండా ఈ మాట ఎవరికి చెప్పాలి?

వరదలప్పుడు మాత్రం గ్రూపుని కట్టుదిట్టంగా ఉంచాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తరవాత అంత చూడలేదు. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. ఆ జులైలో 25 లక్షలు దాటిపోయింది. పై నుంచి నీరు మా దాకా రావడానికి సమయం ఉంటుంది కాబట్టి, సరైన అంకె అందితే ఏటి మధ్య లంకల్లోంచి పశువుల్ని గట్టుకి తోలుకోవచ్చు. ఆ రోజుల్లోనే ఫలానా చోట ఏటిగట్టు తెగిందని ఎక్కడెక్కడివో వీడియోలు వచ్చిపడ్డాయి. అవి నమ్మి ముసలివాళ్లని మంచాలతో సహా ట్రాక్టరెక్కించారు, వానలో. ఆ తరవాత మా గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వరద రోజుల్లో ఎవరో పంపింది పంపకూడదు. తను నిలబడ్డ చోట తను చూసిందే, ఊరి పేరూ వేళా చెప్పి పెట్టాలి.

ఇప్పుడు మేం పట్టుకున్న పని ఒకటుంది. లొల్ల లాకుల దగ్గరా, అక్విడెక్టు దాటాకా ఎంత నీరు వదులుతున్నారో రోజూ పొద్దున్నే శివారు ఊళ్లకి తెలియజేయాలని జలవనరుల శాఖకి అర్జీ రాశాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం అదే అంకె ఊళ్లో పాలకేంద్రం దగ్గర బోర్డు మీద రాయడానికి ఇద్దరు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. అర్జీ మీద భూయజమానుల సంతకాల పక్కనే ఇంకో వరసలో, ఆ చేలు చేసే కౌలు రైతుల సంతకాలు, వేలిముద్రలు పెట్టించాం. కార్డు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అని తేడా చూడలేదు. కాలవలు వదిలేలోగా దాన్ని ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి. నాతో పాటు పక్క చేను అన్నయ్యా వస్తానన్నారు.