పొయ్యి మారినా చల్లారని వాపు

మా అమ్మ పలాస దగ్గర జీడిపిక్కల బట్టీలో పదిహేనేళ్ళు పనిచేసింది. ఇంటికొస్తే మళ్ళీ కట్టెల పొయ్యే. బట్టీ మాని ఆరేళ్ళయినా, వంట గ్యాసు మీదికి మారినా ఆయాసం పెరుగుతూనే వచ్చింది. కళ్ళె పరీక్షలో టీబీ లేదని తేలాక రెండేళ్ళు సిరప్‌లతో, స్టెరాయిడ్ మాత్రలతో గడిపాము. చివరికి శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు గారు స్పైరోమెట్రీ చేయించారు.

ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టాన్ని పెదవులతో బిగించి, గుండెల నిండా పీల్చిన గాలిని ఒక్క ఊపున మొదలుపెట్టి పూర్తిగా అయిపోయేదాకా ఊదాలి. రెండుసార్లు అమ్మ దగ్గుతో మధ్యలోనే ఆగిపోయింది. "ఇంకా ఊదమ్మా, ఇంకా" అంటూ పరీక్ష చేసే అమ్మాయి ఓపికగా మళ్ళీ చేయించింది. గాలిగొట్టాలను వదులు చేసే మందు పంపుతో పీల్పించి పావుగంట ఆగి చేసిన పరీక్షలో కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చినది 58 శాతమే. 70కి తగ్గడంతో, పొగలో గడిపిన ఆ ఏళ్ళను కూడా లెక్కలోకి తీసుకుని సీఓపీడీ అన్నారు, అంటే గాలిగొట్టాలు ఇరుకై మళ్ళీ పూర్తిగా మామూలు కాని ఊపిరితిత్తుల జబ్బు.

బీడీ ముట్టని మనిషికి ఈ జబ్బేమిటని అడిగాను. పొగ నుసి లోపలికి చేరినప్పుడల్లా దాన్ని ఎదుర్కోవడానికి తెల్ల రక్తకణాలు వస్తాయని, వాటిలో న్యూట్రోఫిల్‌లు విడిచే ఎలాస్టేజ్ అనే ఎంజైము గాలి తిత్తుల గోడల్లోని సాగే పోగులను కూడా కొరికేస్తుందని, గాలిగొట్టాలు వాచి, మందమెక్కి, కళ్ళెతో ఇరుకవుతాయని, పొగ ఆగినా చాలామందిలో ఆ వాపు పూర్తిగా చల్లారదని చెప్పారు. ఆరేళ్ళుగా నాకు అర్థం కానిది అదే.

ఉబ్బసం ఉన్న మా పిన్నికి స్టెరాయిడ్ పంపు బాగా పనిచేసింది కనుక అమ్మకూ అదే రాయమన్నాను. ఉబ్బసంలో ఎక్కువగా ఇసినోఫిల్‌లు అనే మరో రకం తెల్ల రక్తకణాల వల్ల వచ్చే వాపు స్టెరాయిడ్‌కు లొంగుతుందట. సీఓపీడీలో ఎక్కువగా కనిపించే న్యూట్రోఫిల్‌ల వాపు అంతగా లొంగదు. రక్తంలో మైక్రోలీటరుకు ఇసినోఫిల్‌లు 300 దాటితే సీఓపీడీలో స్టెరాయిడ్ పంపు బాగా ఉపయోగపడుతుంది, 100 లోపైతే లాభం తక్కువ, పైగా న్యుమోనియా ముప్పు. అమ్మకు 90. మామూలు రక్తపరీక్షలోనే తెలిసే ఈ అంకెను ఆ రెండేళ్ళలో ఒక్కరూ చూడలేదన్న బాధ నాకు ఇంకా ఉంది. ఆ మాత్రలతో ఆమెకు షుగర్ కూడా పెరిగింది.

గాలిగొట్టాలను వదులు చేసే రెండు మందులు కలిసిన, పరికరంలో పెట్టి పీల్చే క్యాప్సూలు ఇచ్చారు. పీల్చినప్పుడు అది గిర్రున తిరిగే చప్పుడు వినిపించాలి. ఆ తర్వాత పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. దెబ్బతిన్న తిత్తులు తిరిగి రావని డాక్టరు గారు ముందే చెప్పారు. పోయిన నెల అమ్మ రామాలయం దాకా నడిచింది, మెట్ల దగ్గర ఒక్కసారే కూర్చుంది.