మంత్రాలకు చింతకాయలు రాలే లోకంలో మంత్రం వద్దనేవాడు

మా ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ బ్యాచ్‌లో (బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో వీరుడిలా ఆడే కథల ఆట) ఒకడికి కొత్త క్యారెక్టర్ కావాలట, మంత్రం అంటేనే గిట్టనివాడు. మంత్రపు కత్తి పట్టడు, పోషన్ (మంత్రపు మందు) తాగడు, క్లెరిక్ (దేవుడి మంత్రాలు వేసే పూజారి) గాయం మాన్పుతానని దగ్గరికొస్తే చెయ్యి తోసేస్తాడు. డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) నేనే కాబట్టి ఆ క్లాస్‌కి (క్యారెక్టర్ రకానికి) రూల్స్ రాసే పని నా నెత్తిన పడింది. ఐడియా నాకూ నచ్చింది. కానీ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మంత్రాలకు చింతకాయలు రాలడమే కాదు, చింతచెట్టే లేచి నడుచుకుంటూ వస్తుంది. అలాంటి చోట మంత్రం వద్దంటే ఎంత నష్టం, దానికి బదులు ఎంత ఇవ్వాలి?

ముందు అందరూ అంకెల దగ్గరికే వెళ్తారు. సరే, లెక్కే చూద్దాం. పెద్ద గొడ్డలికి డీ12 (పన్నెండు ముఖాల పాచిక), బలానికి 4 కలిపితే తగిలిన దెబ్బకి సగటున 10.5. డీ20 (ఇరవై ముఖాలది) మీద 11 లేదా పైన పడితే తగులుతుందనుకుంటే సగం వేట్లు వృథా, అంటే ఒక్కో వేటుకి 5.25. అదే గొడ్డలి +3ది (తగలడానికీ దెబ్బకీ మూడేసి కలిపే మంత్రపుది) అయితే నూటికి 65 తగులుతాయి, తగిలినప్పుడు 13.5, వేటుకి దాదాపు 8.8 (20 పడితే వచ్చే పెద్ద దెబ్బలు, క్రిటికల్స్, పక్కన పెట్టాను). చూడటానికి మూడే, దెబ్బ మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది.

అయితే ఆ +3 గొడ్డలి అసలు ఆటలో దొరుకుతుందా అన్నది డీఎం చేతిలో ఉంటుంది. 2014 నాటి 5వ ఎడిషన్ లెక్కలు మంత్ర వస్తువులు లేకపోయినా నడిచేలా వేసినవి. 3వ ఎడిషన్‌లో అలా కాదు, ఏ లెవెల్‌లో ఎంత విలువైన సరంజామా ఉండాలో పట్టికే ఇచ్చారు, 10వ లెవెల్‌కి 49,000 బంగారు నాణేలు. అందుకే లెవెల్‌కి ఇంత అని బోనస్ ముందే రాసేస్తే, పిసినారి డీఎం దగ్గర మంత్రం వద్దనే ఈ వ్రతం ఫ్రీగా వచ్చిన బలం, చేతికి ఎముక లేని డీఎం దగ్గర శిక్ష.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇది కూడా కాదు. 1985లో గ్యారీ గైగాక్స్ (ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడు) 'అన్‌ఎర్త్‌డ్ ఆర్కానా' అనే రూల్స్ పుస్తకంలో పెట్టిన బార్బేరియన్ (మోటు యోధుడు) క్లాస్‌ని చూడండి. హిట్ డైస్ (ప్రాణం ఎంతో తేల్చే పాచిక) డీ12, బ్రహ్మాండం. రెండో లెవెల్‌కి ఫైటర్‌కి (మామూలు యోధుడికి) 2,000 చిల్లర ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) చాలు, వీడికి 6,000 పైనే కావాలి. కాగితం మీద సమంగానే ఉంది. కానీ వీడు మొదట్లో మంత్రగాళ్లతో కలిసి తిరగకూడదు, పైగా మంత్ర వస్తువు పగలగొడితే ఎక్స్‌పీ! విజార్డ్ (మంత్రగాడు) ఆడేవాడు నెలల తరబడి ఎదురుచూసిన మంత్రదండం చివరికి దొరికితే, పక్కవాడికి దాన్ని విరిస్తే పాయింట్లు. బల్ల దగ్గర కొట్టుకోండని రూలే చెప్తోంది. 3వ ఎడిషన్‌లోని ఫర్‌సేకర్ (మంత్రాన్ని వదిలేసినవాడి క్లాస్) కూడా ఈ తానులో ముక్కే, వాడి బలం నిలవాలంటే వస్తువులు పగలగొడుతూనే ఉండాలి. వ్రతం ఒకడిది, ఉపవాసం ఇంటిల్లిపాదిదీ.

కూకట్‌పల్లిలో మా వాడి ఫ్లాట్‌లో ఒక ట్రయల్ ఫైట్ పెట్టాం. మనవాడు 9 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) మీద ఉన్నాడు, క్లెరిక్ లేచి క్యూర్ వూండ్స్ (గాయం మాన్పే మంత్రం) వేస్తానన్నాడు. "నీ దేవుడి చెయ్యి నా మీద పడొద్దు" అని మనవాడు పోజు కొట్టాడు. "మరి ఈ స్లాట్ నేనేం చేసుకోవాలి మామా, ఊరగాయ పెట్టుకోవాలా?" అని క్లెరిక్ (స్లాట్ అంటే రోజుకి ఇన్నే అని ఉండే మంత్రాల్లో ఒకటి). తర్వాత వీడొక్కడి కోసం అందరూ గుహలో గంట షార్ట్ రెస్ట్ తీసుకోవాలి, ఈలోగా కాపలావాళ్లు మేలుకుంటారు, ఇంకో ఫైట్. ఎల్‌బీ నగర్ వెళ్లాల్సినవాడు ఇరానీ చాయ్ పక్కన పెట్టేసి మెట్రో టైమ్ చూసుకుంటున్నాడు. వ్రతం పట్టినవాడు తప్ప మిగతా అందరూ దాని ఖరీదు కడుతున్నారు.

అందుకని నేను రాసిన మొదటి రూల్: వ్రతం తన ఒంటి వరకే. పక్కవాడి కత్తి, దండం, ఉంగరం జోలికి పోకూడదు, సలహాలు కూడా ఇవ్వకూడదు (ఇది రూల్‌లో లేదు, నేను నోటితో చెప్పాను).

రెండోది నాకు బాగా ఇష్టమైంది. వాడి ఆయుధం బోనస్‌కి పట్టిక లేదు. పార్టీలో అందరికంటే మంచి ఆయుధం ఏదో చూసి, దానికి ఒక మెట్టు తక్కువ బోనస్ వాడి మామూలు గొడ్డలికి వస్తుంది. ఎవరి దగ్గరైనా +3 ఉంటే వీడికి +2. కవచానికీ అదే లెక్క. డీఎం పిసినారి అయినా ధారాళంగా ఇచ్చినా దానంతటదే సర్దుకుంటుంది. ఇంకో లాభం, పక్కవాడికి మంచి కత్తి దొరికితే వీడికే పండగ, ఇక దాన్ని ఎందుకు విరుస్తాడు? 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో (రాక్షసుల పుస్తకంలో) తోడేలు మనిషి లాంటివాటికి మామూలు ఇనుము దెబ్బ అసలు తగలదు. దానికి మాత్రం నేనేమీ ఇవ్వలేదు. వెండి అయితే తగులుతుంది కాబట్టి 100 బంగారు నాణేలు పెట్టి గొడ్డలికి వెండి పూత వేయించుకోమన్నాను. డబ్బులు వాడివే.

గాయాలకి హీలర్ ఫీట్ (కట్టు కట్టే ప్రత్యేక నైపుణ్యం) ఉచితంగా ఇచ్చాను. 5 నాణేల కిట్, పది సార్లు వస్తుంది, మంత్రం కాదు. డీ6కి 4, పైన హిట్ డైస్ సంఖ్య (లెవెల్ ఎంతో అంత), అంటే 5వ లెవెల్‌లో సగటున 12.5. మళ్లీ రెస్ట్ తీసుకునేదాకా ఒక్కసారే పనిచేస్తుంది. కట్టు కట్టుకోవాల్సింది వాడే, పోయే యాక్షన్ వాడిదే.

క్లెరిక్‌కి కూడా ఏదో ఒకటి మిగలాలి కదా, అందుకు పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట)లోని సూపర్‌స్టిషన్ అనే పవర్ నుంచి ఒకటి తీసుకున్నాను. అక్కడ రేజ్‌లో (పూనకంలాంటి కోపంలో) ఉన్న బార్బేరియన్ స్నేహితుడి మంత్రానికి కూడా సేవ్ (మంత్రాన్ని తట్టుకునే పాచిక) వేయాల్సిందే. నేను రేజ్ షరతు తీసేశాను, ఎప్పుడైనా సరే వీడు సేవ్ వేయాలి, ఆ సేవ్ ఓడితే గాయం మానిపోతుంది. ఆ డైస్ దొర్లుతున్నంతసేపు వీడు తప్ప అందరూ తక్కువ నంబర్ పడాలని అరుస్తారు, ఆ టెన్షన్ చూడాలి.

ఎగరడం ఇవ్వలేదు. గాల్లో ఉన్న శత్రు విజార్డ్‌కి విసురుగొడ్డలి తగిలితే కాన్సంట్రేషన్ సేవ్ (మంత్రం తెగకుండా నిలబెట్టుకునే పాచిక) ఎలాగూ ఉంటుంది, అందుకోవాల్సిన అంకె 10 లేదా దెబ్బలో సగం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. వీడు కొట్టినప్పుడు ఆ సేవ్ డిసడ్వాంటేజ్‌తో (రెండుసార్లు వేసి తక్కువది తీసుకుని) వేయాలి అన్నాను. వీడు పైకి వెళ్లక్కర్లేదు, వాడే కింద పడతాడు.

మిగిలింది చావు. రివివిఫైకి (చచ్చినవాణ్ని లేపే మంత్రానికి) 300 నాణేల వజ్రాలు, నిమిషంలోపు వేయాలి. అప్పుడు కూడా వద్దంటావా అని ముందే అడిగాను. వద్దే వద్దన్నాడు. అయితే రెండో క్యారెక్టర్ షీట్ కూడా నింపి తెచ్చుకో, ఆ రోజు మళ్లీ ఒక గంట వేస్ట్ చేయొద్దు అన్నాను. తెచ్చాడు. విజార్డ్ అట.