సున్నతి ముందు రాత్రి, ఉయ్యాల చుట్టూ పిల్లలు

యూదుల ఇంట్లో మగబిడ్డ పుడితే ఎనిమిదో రోజున సున్నతి చేస్తారని ఆదికాండము 17వ అధ్యాయం చదివినవాళ్ళందరికీ తెలుసు. ఆ ముందు రాత్రి గురించి మాత్రం మనలో చాలామంది విని ఉండరు. తూర్పు యూరప్ యూదులు దాన్ని యిద్దిష్ భాషలో వాఖ్‌నాఖ్ట్ అంటారు, అంటే కాపలా రాత్రి.

తెల్లారితే దేవుని నిబంధనలోకి అడుగుపెట్టబోయే బిడ్డ కాబట్టి దుష్టశక్తుల కన్ను ఆ రాత్రే ఎక్కువగా పడుతుందని పాతకాలం వాళ్ళు భయపడేవాళ్ళు, అందుకే తండ్రి, బంధువులు దీపం ఆర్పకుండా తమ ధర్మశాస్త్రమైన తోరా చదువుతూ మేలుకొని కూర్చునేవాళ్ళు. మొరాకో యూదులైతే బాలింత గది గోడల వెంట ఖడ్గం ఝళిపించేవాళ్ళు, దాన్ని తహ్దీద్ అంటారు. కొన్నిచోట్ల సున్నతి చేసే మోహెల్ తన కత్తిని ఆ సాయంత్రమే తెచ్చి బిడ్డ తలగడ కింద పెడతాడు. మా అమ్మమ్మ పురిటి మంచం కింద కొడవలి పెట్టి గుమ్మానికి వేపమండలు కట్టడం నాకు గుర్తొచ్చింది, తల్లుల భయం ఎక్కడైనా అదే కదా. కానీ రేపు ఆ పసివాడి ఒంటిమీద పడబోయే కత్తే ఈ రాత్రి వాడి తల కింద కాపలా ఉందంటే, ఆ తల్లికి నిద్ర ఎలా పడుతుందో!

అసలు నా మనసు పట్టేసింది వేరే. సాయంత్రం చుట్టుపక్కల చిన్నపిల్లలు వస్తారు. ఉయ్యాల చుట్టూ తోసుకుంటూ నిలబడి, మునివేళ్ళమీద లేచి లోపలికి తొంగిచూసి, "ఇశ్రాయేలూ వినుము" అని మొదలయ్యే షెమా ప్రార్థన చెబుతారు. తర్వాత ఆదికాండము 48:16, "సమస్తమైన కీడులలోనుండి నన్ను తప్పించిన దూత యీ పిల్లలను ఆశీర్వదించునుగాక". అయ్యాక చేతినిండా మిఠాయిలు.

ఈ మాట మొదట అన్నది యాకోబు, చూపు మందగించిన ముసలితనంలో, ఐగుప్తులో, తన కొడుకు యోసేపు పిల్లల తలలమీద చేతులు పెట్టి. అన్నకు భయపడి ఇల్లు వదిలి పారిపోయి, రాయి తలగడగా పడుకుని, భార్య రాహేలును దారిలోనే పాతిపెట్టి, యోసేపు చచ్చిపోయాడనుకుని ఏళ్ళ తరబడి ఏడ్చినవాడు. "నన్ను తప్పించిన" అన్న మాట వెనక అంత బతుకుంది. అదే మాటను ఇంకా ఏ కీడూ ఎరగని పిల్లలు, పుట్టి వారం రోజులైన వాడికోసం పలుకుతున్నారు.

ఇంకొకటి గమనించండి. ఉయ్యాలలో ఉన్నది ఒక్కడే, వచనంలో మాత్రం "యీ పిల్లలను" అని ఉంది, హీబ్రూలోనూ బహువచనమే. అంటే బిడ్డకోసం వచ్చి, మిఠాయి ఎప్పుడిస్తారా అని పక్కచూపులు చూస్తూ వల్లించే ఆ బుడతలంతా కూడా తమకు తెలియకుండానే ఆ దీవెన కిందికి వచ్చేస్తున్నారు.