బూరెకి పట్టింది చుండ్రు కాదు

మా కుక్క గోల్డెన్ రిట్రీవర్. రంగు చూసి మా అమ్మ బూరె అని పేరు పెట్టింది. రెండేళ్ళ కిందట వైజాగ్‌లో కొన్నాం, పేపర్లున్న ప్యూర్ బ్రీడ్ అని పది వేలు ఎక్కువ కూడా ఇచ్చాం (ఈ మాట ఎత్తితే నాన్న ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళిపోతారు).

తెచ్చిన నెలకే నల్ల సోఫా నిండా తెల్లటి పొట్టు. దువ్వితే కొబ్బరికోరులా రాలేది. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గరే ఆగి "ఏటి బాబూ, కుక్కకి చుండ్రేటి?" అన్నారు. గంటస్తంభం దగ్గర మెకానిక్ ఒకాయన గజ్జేనని తేల్చేసి కాలిన ఇంజనాయిల్ రాయమన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి, కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, అదంతా కడుపులోకి పోతుంది. మేం వేపనూనె రాశాం. ఇల్లు కంపు కొట్టింది, అంతే.

కానీ బూరె గోక్కోడు. గజ్జయితే రాత్రంతా నిద్రపోనివ్వదు కదా. చివరికి నెల్లిమర్ల మీదుగా గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాం. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే పురుగు లేదు. చిన్న ముక్క తీసి పరీక్ష చేశాక చెప్పారు, ఇక్తియోసిస్ అని, అంటే చర్మం పొలుసులుగా రాలే జబ్బు. పుట్టుకతో వచ్చింది, అంటుకోదు, పోదు.

కొనేటప్పుడు తల్లినీ తండ్రినీ చూశానే, రెండూ నిగనిగలాడుతున్నాయే! అక్కడే ఉంది తిరకాసు. ఇది పీఎన్‌పీఎల్‌ఏ1 అనే జన్యువులో లోపమని 2012లో బయటపడింది, మనుషుల్లోనూ కొందరికి ఈ జన్యువు వల్లే ఇలాంటి జబ్బొస్తుంది. ఏ జన్యువుకైనా రెండు కాపీలుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. చెడ్డ కాపీ ఒకటే ఉన్న కుక్కకి పైకి ఏమీ తెలీదు, అలాంటి రెండిటిని కలిపితే మాత్రం పుట్టే ఒక్కో పిల్లకీ రెండూ చెడ్డవే వచ్చి జబ్బు పట్టడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలున్న ఇళ్ళవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ జాతికి మొదలు 1868లో స్కాట్లాండ్‌లో లార్డ్ ట్వీడ్‌మౌత్ ఎస్టేట్‌లో పుట్టిన నాలుగు పసుప్పచ్చ పిల్లలు. అప్పట్నుంచీ చాలామటుకు చుట్టాలని చుట్టాలకే ఇచ్చుకుంటూ వచ్చారు, మేం పది వేలు ఎక్కువిచ్చి కొనుక్కుంది సరిగ్గా ఆ చుట్టరికాన్నే.

ఇప్పుడు రోజూ దువ్వడం, డాక్టరు రాసిచ్చిన షాంపూ, తిండిలో కాస్త చేపనూనె. పొట్ట దగ్గర చర్మం నల్లబడింది. వాడికైతే ఏ బాధా లేదు, బాధంతా సోఫాకే.

అసలు టెన్షన్ వేరే. పోయిన వారం కొత్తవలస నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, బూరెని క్రాసింగ్‌కి ఇస్తే ఒక పిల్ల మాకిస్తాడట. ఉన్నదున్నట్టు చెప్పాను. పుట్టే ప్రతి పిల్లకీ వీడి చెడ్డ కాపీ ఒకటి తప్పకుండా పోతుందన్నాను, మీ ఆడకుక్కకి చెంప లోపల దూదిపుల్లతో తుడిచి చేసే జన్యుపరీక్ష చేయించారా అని కూడా అడిగాను.

ఆయన కాసేపు ఆగి, "పేపర్లున్నాయి కదండీ, ఇంకేటి? బొచ్చులో కనబడదులెండి" అన్నాడు.