మోర్టార్ లీడర్ కోర్సు: నేను తడబడిన చోట్లు, సరిచేసుకున్న తీరు

కోర్సు పాసయ్యాక జూనియర్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఏం చదివావు?" చదివింది తక్కువే, చేతులతో చేసి నేర్చుకున్నది ఎక్కువ. రైఫిల్ మీద ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ మొదట్లో తికమక పడతారు. మోర్టార్ అంటే పైనుంచి బాంబు జారవిడిచి పేల్చే గొట్టం; అది 45 డిగ్రీలకు పైనే నిలబడుతుంది కాబట్టి బాంబు ఇంకా దూరం పోవాలంటే గొట్టం దించాలి, దగ్గర పడాలంటే లేపాలి. బుర్ర దీనికి ఓ పట్టాన ఒప్పుకోదు. నేనైతే వారం పాటు పడుకునే ముందు చేయి చాపి "దూరానికి కిందికి, దగ్గరికి పైకి" అని ఆడిస్తూ అలవాటు చేసుకున్నాను.

లెక్కల్లో ముందు మిల్స్ మీద, అంటే కోణాన్ని కొలిచే చిన్న కొలత మీద, పట్టు రావాలి. పూర్తి వృత్తం 6400 మిల్స్. 1000 మీటర్ల దూరంలో 1 మిల్ అంటే సుమారు 1 మీటరు వెడల్పు. లక్ష్యం 2000 మీటర్లలో ఉంది, బాంబు బైనాక్యులర్‌లో 30 మిల్స్ ఎడమగా పడింది అనుకోండి. "కుడి 60" అని కాగితం అవసరం లేకుండా నోటికి రావాలి.

మాక్ టెస్టులో నేను ఫెయిలైంది దీని తర్వాతి మెట్టు దగ్గర. అబ్జర్వర్ అంటే బాంబు ఎక్కడ పడిందో చూసి రేడియోలో చెప్పేవాడు. అతను చెప్పే కుడి అతని చూపుకి కుడి, గొట్టానికి కాదు. మోర్టార్ గురి ఉత్తరం వైపు ఉంది. అబ్జర్వర్ లక్ష్యానికి తూర్పున నిలబడి పడమరకు చూస్తూ "కుడి 100" అన్నాడు. అతని కుడి ఉత్తరం. అంటే మోర్టార్‌ని పక్కకు తిప్పనక్కర్లేదు, దూరం 100 పెంచాలి. నేను టెన్షన్‌లో నేరుగా కుడికి తిప్పించేశాను. అది నిజం బాంబై, కుడివైపు మనవాళ్లే ఉండి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ప్లాటింగ్ బోర్డు (దిశ, దూరం లెక్కకట్టే పలక) తీయకముందే మట్టిలో పుల్లతో మోర్టార్‌కి, లక్ష్యానికి, అబ్జర్వర్‌కి మూడు చుక్కలు పెట్టి, అబ్జర్వర్ చూపు ఎటో బాణం గీసుకునేవాణ్ణి. మళ్లీ ఆ తప్పు చేయలేదు.

సేఫ్టీ పేపర్‌ని థియరీ అనుకుని ఆఖరి రోజుకి వదిలేయకండి. 2013 మార్చి 18 రాత్రి నెవాడాలోని హాథోర్న్‌లో 60 మి.మీ. మోర్టార్‌తో శిక్షణ చేస్తూ 7 మంది అమెరికన్ మెరైన్లు చనిపోయారు. గొట్టంలో ఒక బాంబు ఉండగానే రెండోది వేశారని విచారణలో తేలింది. మిస్‌ఫైర్ డ్రిల్ (బాంబు పేలకుండా గొట్టంలోనే ఉండిపోతే ఏం చేయాలో) నోట్సు పైన నేను ఆ తేదీ రాసుకున్నాను. చీకట్లో, పక్క గొట్టాల మోతలో మనది పేలిందనుకోవడం చాలా తేలిక. అందుకే నా సెక్షన్‌లో ప్రతి బాంబుకీ గన్నర్ "పోయింది" అని అరవాలని పెట్టాను. ఆ మాట వినపడకపోతే రెండో బాంబు చేతిలోకే రాకూడదు.

గొట్టం కింద నేల మీద ఆనే పళ్లెం, బేస్‌ప్లేట్ గురించి కూడా ఒక మాట. మెత్తటి నేలలో మొదటి కొన్ని బాంబులకు అది దిగబడుతుంది, గురి జారుతుంది. ప్రతిసారీ సైట్ (గురి చూసే పరికరం) చూసుకోమని మీరే గుర్తు చేయాలి.

ఇక లైవ్ ఫైరింగ్ పరీక్ష. బాంబు తోకకు చుట్టూ గుర్రపు నాడాల్లాంటి మందు చార్జీలు ఉంటాయి. దూరాన్ని బట్టి కొన్ని తీసేస్తాం. తోకకు ఒక్కటి ఎక్కువ ఉండిపోయినా బాంబు వందల మీటర్లు దాటిపోవచ్చు. బాంబుకు 4 చార్జీలు ఉండి 2తో కాలుస్తుంటే, ఒక్కో బాంబుకు 2 చొప్పున పక్కన మిగలాలి. నేను 6 బాంబుల తర్వాత లెక్కపెడితే 11 ఉన్నాయి, 12 ఉండాలి. టైమ్ నడుస్తోంది, అబ్జర్వర్ రేడియోలో తొందర పెడుతున్నాడు. అయినా ఫైరింగ్ ఆపించాను. నాలుగు నిమిషాలు వెతికితే పన్నెండోది బాంబు పెట్టె మూత కింద దొరికింది. అప్పుడే మళ్లీ మొదలుపెట్టమన్నాను. పరీక్షాధికారి ఏమీ అనలేదు, తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. టైమ్‌కి మార్కులు పోయాయి, సేఫ్టీకి పూర్తి మార్కులు వచ్చాయి.