ముర్రే తుంటి, నా తుంటి

బరంపురంలో మా చీరల కొట్టులో కుర్చీలు ఉండేవి కావు. పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే చీర విప్పి చూపించాలి. నాన్నగారు జీవితమంతా అలాగే కూర్చున్నారు. నాకు 44 ఏళ్లకే అది కుదరకుండా పోయింది.

2021లో కోవిడ్ గట్టిగా పట్టుకుంది, స్టెరాయిడ్లు ఇచ్చారు. మరుసటి ఏడాది ఎడమ గజ్జల్లో మొదలైన నొప్పి మోకాలి దాకా దిగేది. ఒక డాక్టరు మోకాలికి ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు. ఇంకొకరు నరం నొక్కుకుందని నడుముకి బెల్టు ఇచ్చారు. (అది ఇంకా అటక మీదే ఉంది.) ఎనిమిది నెలలు పోయాక విశాఖలో ఎమ్మారై తీస్తే తేలింది: తొడ ఎముక పైకొసన ఉండే తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోంది. ఏవీఎన్ అంటారట. స్టెరాయిడ్ల వల్లే కావచ్చన్నారు. అవి లేకపోతే నేను బతికేవాణ్ణి కాదేమో, ఎవర్ని తిట్టుకోను?

ఆపరేషన్ అనగానే ఇంట్లో ఏడుపులు. టెన్నిస్ పిచ్చోణ్ణి కదా, నాకు ఆండీ ముర్రే గుర్తొచ్చాడు. 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో, సాక్స్ వేసుకోవడానికి కూడా నొప్పేనంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండు వింబుల్డన్లు గెలిచినవాడు! ఆ నెలలోనే తుంటికి ఆపరేషన్ చేయించుకుని, అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో వావ్రింకాని ఓడించి టైటిల్ కొట్టాడు.

ఇది చెప్తే సర్జన్ గారు నవ్వారు. "ఆయనకి బంతి ఉంచి పైన లోహపు తొడుగు వేశారండీ. మీకు బంతే పాడైంది, కోసేసి కొత్తది పెట్టాలి" అన్నారు.

2023 మార్చిలో పెట్టారు. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టేశారు. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కొక్కినాకిస్‌తో ముర్రే ఆడిన మ్యాచే చూశాను. 5 గంటల 45 నిమిషాలు ఆడి, తెల్లవారుజామున నాలుగు దాటాక గెలిచాడు. మా బావమరిది వచ్చినవాళ్లందరికీ ఇదే కథ చెప్పేవాడు. ఆపరేషన్ తర్వాత ముర్రే వింబుల్డన్ లాంటి ఏ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లోనూ మూడో రౌండు దాటలేదన్నది మాత్రం చెప్పేవాడు కాదు. నాకేమో ఆ ముక్కే అక్కరకొచ్చింది. నేల మీద ఇక కూర్చోవద్దని డాక్టరు అన్నప్పుడు ఎదురు మాట్లాడలేదు. కొట్టులో బల్ల వేయించాను. నిలబడే చీర విప్పుతున్నాను. పరుపు తీసేశారేంటని పాత బేరగాళ్లు కొందరు సణిగారు.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ డబుల్స్‌లో ఓడి ముర్రే ఆట ముగించాడు. అప్పటికీ నా ఎడమ కాలి గోళ్లు మా అమ్మాయే తీసేది. మొన్న మొదటిసారి నేనే తీసుకున్నాను. చిటికెనవేలు మాత్రం ఇంకా అందలేదు.