వద్దన్న నీళ్లు

"నువ్వు బోరు బాగుచేస్తే మేము వద్దన్నామా?"

మలేరియా వచ్చిన నాలుగో రోజు. జ్వరం దిగింది గానీ కాళ్లలో సత్తువ లేక గుమ్మంలో కూర్చున్నాను. మా బోరు కమిటీలోని పెద్దావిడ 20 లీటర్ల పసుపు డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చి నా ముందు దించింది. నిండా నీళ్లు. నేను వెంటనే చేతులు అడ్డంగా ఊపాను. మాకు ట్యాంకు ఉందమ్మా, మీ ఇంట్లో ఏడుగురు, తీసుకెళ్లండి అన్నాను. నాతో పనిచేసే కుర్రాడు దాన్ని వాళ్ల వాడుక భాష జూబా అరబిక్‌లో చెప్పాడు. ఆమె నన్నే చూస్తూ ఆ ఒక్క మాట అంది. డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మేముండేది ఉగాండా వాయవ్య మూల, యుంబే జిల్లా. దక్షిణ సూడాన్‌లో 2016 జూలైలో మళ్లీ రాజుకున్న యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం ఆగస్టులో ఇక్కడ బిడిబిడి శిబిరం తెరిచారు. ఆ ఏడాది చివరికే రెండున్నర లక్షల మంది దాటారు. నేను చేతిపంపులు బాగుచేయడం నేర్పుతాను. మా ఆవిడ ఆరోగ్య కేంద్రంలో నర్సు. వచ్చి నాలుగేళ్లు. రోజూ తెల్లవారుజామున ఇద్దరం మోకరించి అడిగేది ఒకటే: ప్రభువా, ఈరోజు మమ్మల్ని వాడుకో.

నేనెందుకు వద్దన్నానో చెప్పాలి. శిబిరాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఒక చేతిపంపుకు 500 మందికి మించకూడదు, ఇంటికీ నీటికీ 500 మీటర్ల లోపు దూరం. మేం పనిచేసేది ఈ లెక్కల మీదే. కాబట్టి ఆ డబ్బా చూడగానే నాకు నీళ్లు కనపడలేదు, ఆ ఇంట్లో ఒక మనిషి రోజువారీ వాటా కనపడింది. పైగా నేను సంతకం పెట్టిన నియమం ఒకటుంది: సాయం అందుకునేవాళ్ల దగ్గర కానుకలు తీసుకోరాదు. అది మంచి నియమమే. ఇచ్చే అధికారం ఒకరి చేతిలో ఉన్నచోట చిన్న కానుక కూడా రేపు లంచమవుతుంది, అంతకన్నా నీచమైనదీ అవుతుంది. ఇప్పటికీ నేను దాని పక్షమే.

ఇంకో సంగతి ఉంది. మన దగ్గర ముందు వద్దనడం మర్యాద. ఒకటికి మూడుసార్లు అయ్యో ఎందుకండీ అంటాం, వాళ్లు చేతిలో కుక్కుతారు, తీసుకుంటాం. ఎవరూ నొచ్చుకోరు. ఇక్కడ నా మొదటి వద్దే ఆఖరి వద్దు అయిపోయింది. ఆ మర్యాద తెలిసిన మనుషుల మధ్య ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని ఆ పూటంతా అనుకున్నాను.

కానీ అది మర్యాద కోసం అన్న వద్దు కాదు. నిజంగానే వద్దన్నాను. నాలుగేళ్లుగా ఇచ్చే చేయి నాదే, పుచ్చుకునే చేయి వాళ్లదే. బోరు తిరిగి పోసినప్పుడు అందరూ పాటలు పాడి దేవుణ్ణి స్తుతిస్తుంటే, మా పేరు ఒక్కసారైనా తలుస్తారేమోనని చెవి పెట్టుకుని విన్న రోజులున్నాయి. ఇది ప్రార్థనలో కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక్కడ యు2 అని పిలిచే పంపు మూత తీస్తే లోపల ఉండేది మన వీధి బోరింగే, ఇండియా మార్క్ 2. అదే చైను, అవే రాడ్లు. 1970లలో మన దేశంలో రూపుదిద్దుకుంది. దానికి ముందు మహారాష్ట్ర కరువు ప్రాంతాల్లో, జాల్నా, షోలాపూర్‌లలో, మిషన్లలో పనిచేసిన మెకానిక్కులు చేసిన పంపులున్నాయి. వాళ్లలో పరదేశులూ ఉన్నారు. చిన్నప్పుడు ఆ పిడికి వేలాడుతూ బిందెలు నింపినవాణ్ణి నేను. ఎవరు పెట్టించారని అడగలేదు, ఎవరికీ వందనాలు చెప్పలేదు. దాహమైతే తాగాను.

మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చి డబ్బా చూసింది. సంగతంతా విని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "ఏమండీ, బావి దగ్గర సమరయ స్త్రీని యేసుప్రభువే నోరు తెరిచి నీళ్లడిగాడు. మీకు అడక్కుండా తెచ్చిస్తే వద్దన్నారు."

గ్లాసుతో ముంచుకుని తాగాను. ఆ సాయంత్రం ప్రార్థనలో వాడుకో అన్న మాట నోటికి రాలేదు. వందనాలయ్యా అని మాత్రం అన్నాను. తర్వాత ఏడుపు వచ్చింది.

మర్నాడు ఆఫీసు కానుకల పుస్తకంలో "నీళ్లు, 20 లీటర్లు" అని రాశాను. మా మేనేజరు చదివి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టింది.

డబ్బా తిరిగివ్వాలి. ఖాళీది ఎలా ఇస్తాం? ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక, శనివారం తెల్లవారకముందే బోరు దగ్గరికి పోయి డబ్బాల వరసలో దాన్ని పెట్టాను. ఆడవాళ్లు నన్ను ముందుకు రమ్మన్నారు. రానని చివర్లోనే నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి బాగా ఎండెక్కింది. నేనే కొట్టి నింపాను. నెత్తిన పెట్టుకోవడం చేతకాక భుజం మీద మోసుకుంటూ, రెండుచోట్ల దించుకుంటూ వాళ్లింటికి చేరాను.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. లేచి వచ్చి రెండు చేతులతో డబ్బా అందుకుని "షుక్రాన్" అంది, వందనాలని. వద్దనలేదు.